ట్రాక్టరు వెనుక నేమి కట్టవలెను?

చిన్న ట్రాక్టరును కొనుట కంటె దాని వెనుక నేమి కట్టవలెనో నిశ్చయించుట కష్టతరమైన పని. ట్రాక్టరు నేలకు స్వయముగా చేయునది యేమియు లేదు. అది పూర్వపు కాడియెడ్ల స్థానమున వచ్చినది. లాగును, లేపును, త్రిప్పును, అంతియే. మట్టిని కోయునది, గుల్లచేయునది, కలుపును తెగగోయునది వెనుక నున్న పనిముట్టు. అయినను మనవారు యంత్రమును గూర్చి నెలదినములు విచారింతురు. ఎన్ని గుఱ్ఱముల బలము, ఎన్ని గంటలు నడచినది, టైర్లెంత అరిగినవి, అమ్మెడువాడెట్టివాడు అని పదిమందిని అడుగుదురు. పనిముట్టును మాత్రము అంగడివాడు చూపినదానిని చూపినట్లే పుచ్చుకొందురు. ఊరేగింపు గుఱ్ఱమును మెచ్చుకొని పిల్లనిచ్చినట్లున్నది.

పూర్వము ఈ చిక్కు లేకుండెను. ఊరి వడ్రంగియు కమ్మరియు ఆ యూరి నేలను, ఆ రైతు యెడ్ల యెత్తును ఎఱిగినవారు. నాగలి, గొర్రు, గుంటక వారే చేసియిచ్చి పంటకాలమున కళ్లము వద్ద మేర కొలుచుకొని పోవువారు. మేడి చేతికి తక్కువైనదన్నచో మఱునాటికి సరిచేయబడుచుండెను. ఇప్పుడు ఆ వడ్రంగి తెలివి యంతయు ఇంగ్లీషు కరపత్రములోనికి పోయినది. దానిలో రంగుల బొమ్మలుండును, కొలతలుండును. మీ నేల యెట్టిదని అడుగు వాక్యము ఒక్కటియు నుండదు. ఆ కరపత్రమును చదివి చెప్పుటకై మావంటి బడిపంతుళ్లకు బంధువులనుండి పిలుపు వచ్చుచుండును.

మా తమ్ముడు చేవెళ్ల ప్రాంతమున మూడెకరములు సేద్యము చేయుచున్నాడు. రెండెకరములు ఎఱ్ఱచల్క. మిగిలిన యెకరము నల్లరేగడి. అది మా మరదలికి పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది. పత్తియు మొక్కజొన్నయు ముఖ్యమైన పంటలు. బోరుబావి క్రింద కొంతమేర టమాట, వంగ, బెండ. ఎడ్లజతను అమ్మివేసి యేండ్లయినది. నిరుడు 18 గుఱ్ఱముల బలము గల చిన్న ట్రాక్టరును, ఒకరు వాడి విడిచినదానిని, కొనెను. మూడెకరములకు పెద్ద ట్రాక్టరును, అదియు కొత్తదానిని, కొన్నచో వడ్డీలకై సేద్యము చేయవలసివచ్చును. కావున ఈ కొనుగోలు తెలివైనదే. అయితే పనిముట్లకై అతని చేత మిగిలిన రొక్కము ఒక్కదానికే చాలును. ఆ యొక్కటి యేది? ఈ ప్రశ్న పంజాగుట్టలోని మా యింట నాలుగు దినములు నలిగినది. ఇట్టి ప్రశ్న నేడు వేలకొలది యిండ్లలో నలుగుచున్నది గనుక ఇందలి విశేషములను పాఠకుల ముందుంచుచున్నాము.

వాడిన యంత్రమునకు పనిముట్టును వెదకుటకు ముందు దాని వెనుకభాగమును పరీక్షింపవలెను. క్రింద రెండు చేతులు, మీద ఒక కడ్డీ, ఈ మూడింటితో పనిముట్టును పట్టెడు అమరిక ఐర్లండు దేశస్థుడైన హారీ ఫెర్గూసను కల్పన. 1926లో అతడు దానికి పేటెంటు పొందెను. 1939లో ఫోర్డు కంపెనీతో కలిసి చేసిన ట్రాక్టరుతో అది లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. అంతకు మునుపు నాగలిని గొలుసుతోనో కొక్కెముతోనో తగిలించి లాగువారు. నాగలి రాతికి తట్టుకొన్నప్పుడు ట్రాక్టరు ముందుచక్రములు పైకి లేచి, తోలువాని మీద వెనుకకు బోర్లపడి ప్రాణములు తీయుచుండెను. ఫెర్గూసను అమరికలో మీది కడ్డీ ఆ తిరుగుబాటును ఆపి, నాగలి బరువును వెనుకచక్రముల మీదికి త్రోసి పట్టు పెంచును. తేలికయైన బండి బరువైన పని చేయగలుగుట దీని వలననే.

ఈ అమరికకు తరగతులు కలవు. సాధారణమైన ఒకటవ తరగతిలో క్రింది చీలలు 22 మిల్లీమీటర్లు, మీది చీల 19 మిల్లీమీటర్లు లావుండును. మిక్కిలి చిన్నబండ్లకు గల సున్న తరగతిలో చీలలు 16 మిల్లీమీటర్లే. ఈ కొలత తెలియక పనిముట్టును తెచ్చినచో ఇంటికి వచ్చిన పిమ్మట చీల దూరదు, లేదా వదులై గడగడలాడును. వాడినబండిలో చీలల రంధ్రములు అరిగి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చియుండుట తఱచు. వానిని వ్రేలితో తడిమి చూడవలెను. హైడ్రాలిక్ లిఫ్టును పరీక్షించుట మఱియు సులభము. చేతుల మీద బరువు నెత్తించి ఇంజనును ఆపి, ఒక గ్లాసు టీ త్రాగి వచ్చి చూడవలెను. బరువు నేలకు దిగియుండినచో లోపల చమురు కారుచున్నదన్నమాట. అట్టి బండికి ఎంత మంచి పనిముట్టు కట్టినను లోతు నిలువదు. ఇక వెనుక తిరుగు ఇరుసు, దీనిని పీటీవో యందురు, ప్రమాణముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగును. దాని మీద ఆఱు గాళ్లుండును. ఆ గాళ్ల అంచులు మొక్కవోయి యుండినచో రోటవేటరు మాట మఱచుట మంచిది. మా తమ్ముని బండి ఈ పరీక్షలన్నిటను నెగ్గినది. అందువలన చర్చ పనిముట్టు మీదికే వచ్చెను.

మా తమ్ముని కొడుకు అమీర్‌పేటలో మైత్రీవనము దాపున కంప్యూటరు విద్య నేర్చుకొనుచు మా యింటనే యుండును. ఆ వీథులలో గోడలకంటె బోర్డులెక్కువ. సేద్యగాండ్ర పిల్లలు గుంపులుగుంపులుగా ఆ మెట్లెక్కుచు దిగుచుందురు. అతడొకనాటి రాత్రి భోజనమైన పిమ్మట సెల్లుఫోనులో రోటవేటరు నడచు చిత్రమును మాకు చూపెను. గట్టిబీడు మీద యంత్రము పోవుచుండగా వెనుక మట్టి జల్లించిన పిండివలె పడుచున్నది. "పెదనాన్నా, ఒక్కసారి తిప్పితే చాలు, విత్తనానికి తయారు!" అని ఉత్సాహపడెను. తండ్రి కన్నులును మెఱసెను. చూచుటకు అది నిజముగా కన్నులపండువే.

రోటవేటరను మాట ఇంగ్లీషు లిపిలో ఎటునుండి చదివినను ఒక్కటే. మన వికటకవి వంటిది. ఆర్థరు క్లిఫర్డు హోవర్డు అను ఆస్ట్రేలియా యువకుడు 1912లో న్యూ సౌత్ వేల్సు నందలి గిల్‌గాండ్రాలో దీనికి మొదలు పెట్టెను. మామూలు నాగలి పైమట్టిని త్రిప్పుచు అడుగునేలను అణచి గట్టిపఱచుచున్నదని అతని ఆలోచన. తిరుగు కత్తులతో మట్టిని కొట్టి చూచెను. మొదటి కత్తులు మట్టిని ప్రక్కలకు చిమ్ముచుండగా, ఎల్ అను ఇంగ్లీషు అక్షరమువలె వంచిన కత్తులను అమర్చి ఆ లోపమును తీర్చెను. 1920లో పేటెంటు, 1922లో కంపెనీ. పిమ్మట ఇంగ్లండునకు పోయి 1938లో ఎసెక్సు మండలమున కర్మాగారము పెట్టెను.

చిన్న ట్రాక్టరునకు రోటవేటరు అనుకూలమన్న మాటలో అసత్యము లేదు. నాగలిని లాగవలెనన్న బండికి బరువుండవలెను. బరువు లేనిచో చక్రములు ఉన్నచోటనే తిరుగును. రోటవేటరును లాగవలసిన పని తక్కువ. దాని కత్తులు చక్రముల దిక్కుననే తిరుగుచు నేలను వెనుకకు తన్నుట వలన బండిని ముందుకు నెట్టుచుండును. 18 గుఱ్ఱముల బండి మూడడుగుల వెడల్పు రోటవేటరును తేలికగా త్రిప్పగలదు. రేగడిలో మొక్కజొన్న కొయ్యలను ముక్కలు చేసి మట్టిలో కలుపుటకును, కూరగాయల మడులను సిద్ధము చేయుటకును దీనికి సాటి లేదు.

కాని మా తమ్ముని పొలములో మూడింట రెండుపాళ్లు చల్క. హైదరాబాదు చుట్టును నున్న ఈ యెఱ్ఱనేలలు నల్లఱాతి గుట్టలు యుగయుగములు కరగి యేర్పడినవి. పైన ఇసుక పాలెక్కువ, ఆకుఅలముల సారము తక్కువ. అట్టి మట్టిని పిండి చేసి వదలినచో మొదటి గట్టివానకు రేణువులు చెదరి సందులు పూడిపోవును. ఎండ కాయగానే పైన పెచ్చు కట్టును. ఆ పెచ్చు క్రింద మొలచిన విత్తనము మెడ వంచి అక్కడనే యుండును. తరువాతి వాననీరు ఇంకుటకు మాఱుగా పైపైన పాఱి గట్టు దాటును. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రమున చల్కయు రేగడియు రెండును కలవు. సంతోష్‌నగరములో మెట్టసేద్యమునకై 1985లో కేంద్ర పరిశోధనసంస్థ యొకటి యేర్పడినది. ఈ రెండు చోట్లను శాస్త్రజ్ఞులు చల్కనేల పెచ్చుకట్టుటను గూర్చి పెక్కేండ్లు శ్రమించిరి. పెడ్డలు పెడ్డలుగా నున్న దుక్కి వాననీటిని త్రాగునని మన ముసలిరైతులు చెప్పుచుండు మాటయు ఇదియే. ఇంకొక చిక్కును కలదు. ప్రతి పంటకు ఒకే లోతున కత్తులు త్రిప్పుచుండినచో ఆ లోతు క్రింద నేల పలకవలె బిగియును. అణచబడిన నేలకు విరుగుడుగా హోవర్డు తలపెట్టిన యంత్రము, ఆలోచన లేక వాడినచో ఆ దోషమునే కలిగించుచున్నది. ఇసుకలోని పలుగురాతి రేణువులు కత్తులను ఆకురాయివలె అరుగదీయుట వేఱొక ఖర్చు.

లోతైన దుక్కికి ఱెక్కనాగలి, పళ్లెముల నాగలి కలవు. వానిని గూర్చి ఎక్కువ వ్రాయ నక్కఱలేదు. 18 గుఱ్ఱముల తేలికబండికి అవి తలకు మించిన భారము. రెండు మూడేండ్లకొకమారు వేసవిలో పెద్ద ట్రాక్టరును అద్దెకు పిలిచి దున్నించుకొనుట మేలు.

మిగిలినది కల్టివేటరు. ఇనుపచట్రమునకు వంపుకాళ్లు, కాళ్ల కొనలకు కర్రులు. పెద్దబండ్లకు తొమ్మిది కాళ్లవి కట్టుదురు. మా తమ్ముని బండికి అయిదు కాళ్లది సరిపోవును. ఉర్దూలో పంజా యనగా అయిదు వ్రేళ్లు చాచిన చేయి గదా; పంజాగుట్టలో కూర్చుండి అయిదు వ్రేళ్ల పనిముట్టును గూర్చి తర్కించుట మాకు వినోదముగా తోచినది. ఈ పనిముట్టు చూచుటకు సొంపుగా నుండదు. తిరుగునది, మెఱయునది దానిలో ఏమియు లేదు. దున్నిన పిమ్మటను పెడ్డలుండును. దాని చిత్రమును సెల్లుఫోనులో ఎవరును రెండవమారు చూడరు.

చర్చ ఇంతవరకు వచ్చినప్పుడు మా మరదలు పల్లెనుండి వచ్చినది. నడుమునొప్పి చాలదినములుగా నుండుటచే నిజాము ఆసుపత్రిలో చూపించుకొనుటకు ఆమె రాక. పంజాగుట్టలోని ఆ యాసుపత్రి మొదట ఎముకల చికిత్సకై వెలసినది. ఇప్పుడు సర్వరోగములకును దూరదేశములనుండి జనము వచ్చుచున్నారు. వైద్యులు చిత్రములు తీయించి, మందులు వ్రాసి, వంగి పనిచేయుట తగ్గింపుమని చెప్పిరి. ఇంటికి వచ్చి ఆమె ఒక మూలకు చాపమీద కూర్చుండెను. అన్నదమ్ములమును, ఆ కుఱ్ఱవాడును కరపత్రములు పఱచుకొని కాళ్లు, కత్తులు, చీలలు అని వాదించుచుంటిమి.

"అమ్మా, ఆ పొలములో ఎక్కువదినములు గడుపుదానవు నీవు. నీ యభిప్రాయ మేమి?" అని మేమడిగితిమి.

కొంతసేపు ఆమె మాటాడలేదు. పిమ్మట, "దున్నుడు ఎన్నడో మిషినుకు పోయింది గద బావగారూ. కలుపు తీసుడే నా నడుముకు మిగిలింది. దాన్ని తీసే మిషిను లేదా?" అనెను.

"కలుపుకు కూలోళ్లున్నరు గద" అని తమ్ముడు అడ్డుతగిలెను.

"కూలోళ్లను పిలిచినా నడుమ నేను లేనా?" అని ఆమె మెల్లగా ననెను. వ్రేళ్లు మడచి లెక్క చెప్పినది. గడచిన వానకాలమున పత్తిలో మూడుమార్లు, మొక్కజొన్నలో ఒకమారు, కూరగాయలలో లెక్కలేనన్ని మార్లు. ఒక్క పత్తికే ఆమె వంగియున్న దినములు 30కి పైగా తేలినవి. దుక్కికి ఆమె భర్త ట్రాక్టరుమీద కూర్చుండిన దినములు నాలుగు.

సంస్కృతమున కృషిపరాశరమను వ్యవసాయగ్రంథ మొకటి కలదు. అందు నాగలికి ఎనిమిది అవయవములు పేరుపేరున లెక్కింపబడినవి. కలుపు తీయుటను గూర్చియు అందు చెప్పబడినది. అయితే నాగలికి గల గౌరవము కలుపుకొడవలికి ఏ దేశమునను దక్కలేదు. ఏరువాకనాడు నాగలికి పసుపుకుంకుమలు పెట్టి పూజింతుము. ఖుర్పీకి పూజచేసిన యిల్లు మాకు కనబడలేదు. నాగలి మగవాని చేతిది, ఖుర్పీ ఆడుదాని చేతిది. యంత్రమును కొనుటలోను ఆ వరుసయే నడచుచున్నది. మగవాని పనికి ముందుగా ఇనుము వచ్చినది.

ఇందొక విచిత్రమును గమనింపవలెను. ఎడ్లున్న కాలమున కలుపులో సగము ఎడ్లే తీసెడివి. గొర్రుతో సాళ్లుగా విత్తి, పైరు లేచిన పిమ్మట సాళ్ల నడుమ గుంటకయో దంతెయో తోలెడివారు. సాళ్లలో విత్తి గుఱ్ఱముతో నడుమ కలుపు కోయించుటను ఇంగ్లండులో జెత్రో టల్ 1731లో పుస్తకము వ్రాసి ప్రకటించెను. ఆ దేశస్థులు దానిని గొప్ప నవీనత యనుకొనిరి. ఆ శతాబ్దాంతమున, 1790ల కాలమున, హాల్కాట్ అను సైనికాధికారి దక్షిణభారతమున గొర్రును చూచి ఆశ్చర్యపడి, ఐరోపావారు కొత్తగా కనిపెట్టినదని తానెంచిన సాధనము ఇచ్చట సామాన్యరైతుల చేతులలో నున్నదని స్వదేశమునకు లేఖలు వ్రాసెను. ధరంపాల్ 1971లో ప్రకటించిన సంపుటమున ఆ లేఖలను చూడవచ్చును. ఇట్టి విద్య గల సీమలో ఎడ్లు పోయినవి. వానితో గుంటకయు అటుకెక్కినది. అద్దెకు వచ్చు పెద్ద ట్రాక్టరు దుక్కి దున్నిపోవునే గాని నిలిచిన పైరులోనికి దిగలేదు. అందువలన ఎడ్లు చేసెడు కలుపుపని వచ్చి స్త్రీల నడుముల మీద పడినది. లేదా కలుపుమందు సీసాలోనికి పోయినది. సేద్యము యంత్రమయమైనదని మనము వేదికలమీద చెప్పుకొను కాలముననే మా మరదలివంటివారి వంపు ఎక్కువైనది.

చిన్నట్రాక్టరు యొక్క అసలు విలువ ఇచ్చట కనబడుచున్నది. అది నిలిచిన పైరు సాళ్ల నడుమకు దిగగలదు. పెద్దబండి చేయలేని పని యిదొక్కటియే. ఆ పనికి పనికిరాని పనిముట్టును దానికి కట్టుట సన్నని సూదిని కొని గునపముగా వాడుకొనుట వంటిది.

తమ్ముడు ఊరకుండలేదు. అతని వాదమునకును బలము కలదు. "అన్నా, రోటవేటరుంటే ఊళ్లె నలుగురి చేన్లు తిప్పి గంటకింత తెచ్చుకుంట. గుంటకకు కిరాయి ఎవరిస్తరు?" అనెను. మాట నిజమే. రోటవేటరు రూపాయలను తెచ్చును; ఆ రూపాయలు చేతిలో కనబడును. గుంటక మిగిల్చునది భార్య నడుము. అది యే పద్దులోను వ్రాయబడదు. మేము కాగితము తీసి, ఆమె వంగిన దినములకు ఊరిలోని ఆడుకూలి ధరను కట్టి ఒకవైపునను, ఆసుపత్రికి ప్రయాణములు, మందులు, చిత్రములు మఱియొకవైపునను వేసితిమి. మొత్తమును చూచి తమ్ముడు, "ఇంట్లోదానికి కూలి గడుతరా అన్నా?" అని నవ్వెను. ఆ కుఱ్ఱవాడు మాత్రము నవ్వలేదు. కాగితమును తీసికొని కూడికను మఱల చూచెను.

పటాన్‌చెరువునకు సంబంధించిన కథ యొకటి మాకు ఈ సందర్భమున స్ఫురించినది. ఇక్రిశాట్‌లో 1970, 80 దశకములయందు ట్రాపికల్టరను ఎడ్లబండియంత్రముతో పెక్కు ప్రయోగములు జరిగినవి. ఫ్రాన్సు దేశపు జీన్ నోల్ దాని మూలరూపమును కల్పించినవాడు. రెండు రబ్బరుచక్రములు, నడుమ నొక ఇనుపదూలము. దూలమునకు నాగలి, గొర్రు, గుంటక, బోదె త్రోయునది, ఏది కావలెనన్న అది బిగింపవచ్చును. రేగడినేలలలో వెడల్పైన మడులు, నడుమ కాలువలు తీసి రెండు పంటలు పండించుటకు అది చక్కగా పనిచేసినది. యంత్రముగా దానిలో లోపము స్వల్పము. కాని రైతు దానిని స్వీకరింపలేదు. పాల్ స్టార్కీ యను పండితుడు ఇట్టి చక్రయంత్రముల చరిత్రనంతయు 1988లో ఒక గ్రంథముగా వ్రాసి, పరిపూర్ణమయ్యు తిరస్కృతములు అను నర్థము వచ్చు పేరు పెట్టెను. లోకమంతట సుమారు 10,000 అట్టి యంత్రములు తయారైనను, వానిని బహువిధములైన పనిముట్లుగా ఏండ్లతరబడి వాడినవారు లెక్కకు రారనియు, పెక్కు మూలబడినవి, లేదా వట్టి బండ్లుగా మాఱినవనియు ఆయన తేల్చెను. ధర యెక్కువ, బరువెక్కువ, ఒక పనిముట్టు విప్పి మఱియొకటి బిగించు శ్రమ యెక్కువ. పరిశోధనక్షేత్రమున వాని గుణములను కొలిచినంత శ్రద్ధగా పొలములో పనిచేయువారి యిష్టమును ఎవరును కొలువలేదని ఆయన గ్రంథసారము. ఒక బండికి నాలుగైదు పనిముట్లు కొనిపెట్టుడని సలహా యిచ్చువారు ఆ గ్రంథము పేరునైనను తలచుకొనుట మంచిది.

మఱునాడు రాణిగంజికి పోయి కొన్ని అంగళ్లు తిరిగితిమి. ఒక అంగడివాడు మా మరదలి పేరిట ఎకరము కలదని విని మిక్కిలి సంతోషించెను. 2014-15లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన యాంత్రీకరణ పథకమునందు స్త్రీరైతులకు ధరలో 50 శాతము వరకును, సామాన్యముగా ఇతరులకు 40 శాతము వరకును సహాయము నిర్ణయింపబడెను. ఆ జ్ఞాపకముతో అతడు, "అమ్మగారి పేరు మీద దరఖాస్తు రాయించుండ్రి, ఎప్పుడైనా అక్కరకొస్తది" అని చెప్పి, వెంటనే మా తమ్మునివైపు తిరిగి రోటవేటరు గుణగణములను వర్ణింపసాగెను. అమ్మగారు ప్రక్కనే నిలుచుండిరి. కాగితముమీద సంతకమునకు పనికివచ్చు పేరు పనిముట్టును ఎన్నుకొనుటకు పనికిరాదా యని మాకు అనిపించినది. స్త్రీల పేరిట సహాయమిచ్చుట మంచిదే. ఆ కాగితమునందే, ఈ పనిముట్టు వలన మీ పనిలో ఏది తగ్గునని ఒక ప్రశ్న చేర్చిన యెడల పథకమునకు సగము ప్రాణము వచ్చును.

అయిదుకాళ్ల కల్టివేటరు ఒకటి, దాని కాళ్లకు మార్చి బిగించుటకు బాతుపాదమువలె వెడల్పైన కర్రులు ఒక జత, చట్రము వెనుక తగిలించుటకు గుంటకపాఱ ఒకటి, ఇవి మూడును రోటవేటరు ధరకు లోపలనే వచ్చినవి. సన్నకర్రులతో దుక్కి, బాతుపాదములతో సాళ్లనడుమ కలుపుకోత. కాళ్లను చట్రముమీద ఇటునటు జరిపి బిగించు వీలున్నదానినే ఎన్నుకొనవలెను. కొన్నింటిలో కాళ్లు చట్రమునకు అతికియే యుండును, అవి దుక్కికి తప్ప పనికిరావు. రేగడి యెకరమునకును, కూరగాయల మడులకును రోటవేటరును ఏడాదికొకటి రెండుమార్లు గంటల లెక్కన అద్దెకు తెచ్చుకొనుటకు నిశ్చయమైనది. దీనికొక కారణము కలదు. రోటవేటరు పని పంటకు ముందటిది. రెండుదినములు ఆలస్యమైనను కొంప మునుగదు. కలుపుకోత అట్లు గాదు. వాన వెలసి, నేల కాలికంటుకొనక, గట్టిపడకమునుపు రెండు మూడు దినములే పదను. ఆ అదనున ఊరిలో అందఱకును ఒకేమారు అవసరము వచ్చును గనుక అద్దెపనిముట్టు దొరకదు. అది ఇంటిలో నుండవలసినదే.

పనిముట్టు వచ్చినంతమాత్రమున సాళ్లనడుమ త్రోవ యేర్పడదు. విత్తునాడే చక్రముల కొలతనుబట్టి సాళ్లను నిర్ణయింపవలెను. ఈ లెక్క మా మరదలే చేసినది. బండి వెనుకచక్రముల వెలుపలి అంచుల నడుమ మూడడుగులు. ఇరువైపుల మొక్క కొమ్మకు తగులకుండ ఆరేసి అంగుళములు. సాలుకు సాలుకు నాలుగడుగులు. ఎడము పెంచినచో మొక్కలు తగ్గునని తమ్ముడు గొణిగెను. సాలులో మొక్కకు మొక్కకు ఎడము తగ్గించినచో మొక్కల లెక్క సరిపోవునని ఆమె ముగ్గుచుక్కలు పెట్టి చూపినది. మొక్క పొట్టిగా నుండగానే గుంటక రెండుమార్లు తిరుగవలెను. కొమ్మలు కలిసినపిమ్మట బండి దిగరాదు. సాలులోపల, మొక్కల మొదళ్లవద్ద లేచు కలుపు ఎట్లును చేతికే మిగులును. దానికి ఇంతవరకు మాకు తెలిసిన ఇనుము లేదు.

మృగశిర వెళ్లిన పిమ్మట వానలు పడినవి. నాలుగడుగులకొక ముడివేసిన త్రాటితో చల్కలో పత్తి విత్తిరి. ఇది వ్రాయునప్పటికి పైరు జానెడెత్తు దాటినది, గుంటక రెండుమార్లు తిరిగినది. మొదళ్లలోని కలుపును మా మరదలును, ఇద్దఱు కూలిస్త్రీలును తీయుచున్నారు. క్రిందటి యేడు ఇదే పనికి ఏడుగురు వంగిరట. రెండవ సాలు చివర బండి త్రిప్పుటకు గట్టు చాలక కొన్ని మొక్కలు నలిగినవని తమ్ముడు ఫోనులో చెప్పెను. అతడు రోటవేటరు ధరను వాకబు చేయుట మానలేదు.